చవక తూటా అంటే ఏది? .22, .308 రైఫిళ్లకి సాధనకీ వేటకీ నేను కొనే పద్ధతి

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండే తమ్ముడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, గ్రీన్ కార్డు వచ్చి ఏడాదైంది. రెండు రైఫిళ్లు కొన్నాను. ఒకటి .22 రూగర్ 10/22, ఇంకోటి .308 బోల్ట్ యాక్షన్. నెలకు రెండు శనివారాలు రేంజ్‌కి వెళ్తున్నాను. నవంబరులో ఆఫీసు స్నేహితులు లానో వైపు జింకల వేటకి రమ్మంటున్నారు. నెలకు 60 డాలర్లు దాటకుండా తూటాలు ఎలా కొనాలి? రేంజ్‌లో కాల్చే చవక తూటాలే వేటకీ పనికొస్తాయా?"

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క: .22, .308 అంటే బుల్లెట్ వ్యాసం దాదాపుగా, అంగుళాల్లో. బోల్ట్ యాక్షన్ అంటే ప్రతి తూటానీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించేది. రేంజ్ అంటే కాల్పులు సాధన చేసే చోటు. ఇక సూటిగా చెప్తాను. 60 డాలర్లు సరిపోతాయి, పద్ధతిగా కొంటే కొంత మిగులుతుంది కూడా. రెండో ప్రశ్నకి మాత్రం జవాబు 'పనికిరావు'. రేంజ్ తూటా వేరు, వేట తూటా వేరు. ఆ తేడా నేను ఒక అడవిపందిని బాధపెట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి కింద రాస్తాను. నేను టెక్సాస్‌కి వచ్చి 17 ఏళ్లు, రైఫిల్ పట్టి 12 ఏళ్లు అయింది.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ ఇది చదివే మనవాళ్లలో హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడమే కాదు, తూటాలు దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది ఒకటి: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. "స్నేహితుడి తూటాలే కదా, కారు డిక్కీలో ఉంటే ఏమవుతుంది" అనుకోవద్దు. కేసు పడితే జైలుతో పాటు ఇమిగ్రేషన్ కూడా చిక్కుల్లో పడుతుంది. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. కానీ వీసా మీద ఉన్నవాళ్లకి ఆ సడలింపు పనికిరాదు, ఎందుకంటే వాళ్లని కాపాడేది ఆ లైసెన్స్ కాగితమే. కాబట్టి ముందు లైసెన్స్ తీసుకోండి, అనుమానం ఉంటే లాయర్ని అడగండి, ఆ తర్వాతే రేంజ్ మెట్లు ఎక్కండి.

ఇక అసలు విషయం. మన ఇళ్లలో మొత్తం తూటాని 'బుల్లెట్' అంటాం. ఇక్కడ షాపులో అలా అంటే ఒక్కోసారి తికమక అవుతుంది. మొత్తం తూటాని రౌండ్ అంటారు. అందులో ముందు వైపు మొనలా ఉండి ఎగిరి వెళ్లేది మాత్రమే బుల్లెట్. వెనకున్న గొట్టం కేస్, ఎక్కువగా ఇత్తడిది. కేస్ లోపల పౌడర్, అడుగున దాన్ని అంటించే ప్రైమర్. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో చెప్తారు. మన ఊళ్లలో కంసాలి బంగారాన్ని గురిగింజలతో తూచినట్టే, వీళ్లకి ఈ గ్రెయిన్ అనేది పాతకాలపు చిన్న తూకం. 7000 గ్రెయిన్లు అయితే ఒక పౌండు. మీ .22లో సాధారణంగా 40 గ్రెయిన్ల బుల్లెట్ ఉంటుంది, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. .308లో 150 గ్రెయిన్లు, అంటే దాదాపు పది గ్రాములు. ధర అంత తేడాగా ఉండటానికి కారణం అందులో పోసిన లోహం, పౌడరే.

ధరని డబ్బా మీద చూడకండి. ప్రతిసారీ 'రౌండుకి ఎన్ని సెంట్లు' అని లెక్కేయండి. ఆన్‌లైన్‌లో 500 రౌండ్ల పెట్టె చవగ్గా కనిపిస్తుంది, చివరి పేజీలో షిప్పింగ్ పాతిక డాలర్లు కలుస్తుంది. దానిమీద మన వైపు 8.25 శాతం సేల్స్ టాక్స్. ఇవన్నీ కలిపి రౌండ్ల సంఖ్యతో భాగించాక వచ్చేదే అసలు ధర. తూటాలు బరువైన సరుకు కాబట్టి షిప్పింగే లెక్క తారుమారు చేస్తుంది. నేను ఇద్దరు ముగ్గురు స్నేహితులతో కలిసి ఏడాదికి రెండుసార్లు ఒకేసారి ఆర్డర్ పెడతాను. ఉచిత షిప్పింగ్ ఉన్న రోజు చూసి పెడితే ఒక్కోసారి రౌండుకి ఐదారు సెంట్లు తగ్గుతుంది.

మీ బడ్జెట్‌ని కాపాడేది .22. ఇది ఎంత చెప్పినా తక్కువే. నేను ఈమధ్య కొన్న ధరలు చెప్తాను: 325 రౌండ్ల ఫెడరల్ ఆటోమ్యాచ్ డబ్బా రౌండుకి 7 సెంట్ల చుట్టుపక్కల పడింది. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ 50 రౌండ్ల డబ్బా 10 సెంట్ల దగ్గర, జర్మన్ ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ 17 సెంట్ల దగ్గర. అదే .308లో మామూలు రేంజ్ రౌండు 80 సెంట్లు దాటుతుంది. ఒక .308 నొక్కిన డబ్బుతో పది పదకొండు .22లు కాల్చొచ్చు. ట్రిగర్ కుదుపు లేకుండా నొక్కడం, ఊపిరి బిగపట్టే సమయం, భుజం మీద బట్ ఆనించే తీరు... ఇవన్నీ ఏ రైఫిల్‌తో నేర్చుకున్నా ఒకటే. .308 వెనక్కి తన్నుతుంది, చప్పుడు ఎక్కువ, కొత్తవాళ్లకి తెలియకుండానే కళ్లు మూసుకుపోతాయి. .22తో ఆ భయం ఉండదు కాబట్టి చెయ్యి సరిగ్గా పడుతుంది.

అయితే .22 రైఫిళ్లకి ఒక గుణం ఉంది. ఏ తూటా నచ్చుతుందో ఆ రైఫిలే చెప్పాలి. ఒకే మోడల్, ఒకే రోజు కొన్న రెండు రైఫిళ్లకి కూడా వేరువేరు తూటాలు నచ్చుతాయి. అందుకే 'ఏది మంచిది' అని నన్ను అడిగితే పేరు చెప్పగలను గానీ, మీ తుపాకీ తరఫున హామీ ఇవ్వలేను. నేను చేసిన పని చెప్తాను. ఒక ఫిబ్రవరి ఉదయం, గాలి లేని రోజు చూసి ఆరు రకాల డబ్బాలు ఒక్కొక్కటి కొని తీసుకెళ్లాను. 50 గజాల దగ్గర ఆరు కాగితాలు పెట్టి, ఒక్కో కాగితం మీద స్కెచ్ పెన్నుతో తూటా పేరు రాశాను. బల్ల మీద ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించాను. రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది రౌండ్లు పక్కన మట్టిగట్టు మీదకి కాల్చేశాను. .22 సీసపు బుల్లెట్ మీద మైనంలాంటి పూత ఉంటుంది, వేళ్లకి జిడ్డుగా అంటుకుంటుంది. ఒక్కో కంపెనీది ఒక్కో రకం. పాతది బ్యారెల్ లోంచి పోయి కొత్తది పట్టాలంటే ఆ పది రౌండ్లు కావాలి. ఆ తర్వాత ఐదేసి రౌండ్లు చొప్పున రెండు గ్రూపులు (ఒకే గురి మీద వరసగా కాల్చేవి) కాల్చాను.

పెద్ద డబ్బాలో కలగలుపుగా వచ్చిన చవక రకం రెండున్నర అంగుళాల వెడల్పులో చెల్లాచెదరుగా పడింది. అందులో మూడు అసలు పేలనే లేదు. నాకున్న వాటిలో ఖరీదైన మ్యాచ్ రకం (పోటీల్లో వాడేది) అంగుళం లోపలే పడింది, కానీ సగం ధర ఉన్న సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ కూడా దాదాపు అంతే పడింది. ఒక రూపాయి నాణెం ఆ చిల్లుల మీద పెడితే ఒక్కటి తప్ప అన్నీ దాని కింద దాక్కున్నాయి. ఆ కాగితం ఇప్పటికీ నా గరాజ్ గోడ మీద ఉంది. పిండి కొద్దీ రొట్టె అన్న మాట .22 విషయంలో సగమే నిజం. ఆ ఉదయం ఆరు డబ్బాలకి 60 డాలర్లు అయ్యాయి. కానీ ఆ తర్వాత నచ్చని తూటా మీద ఒక్క డాలరు కూడా పెట్టలేదు.

స్టాండర్డ్ వెలాసిటీ ఎందుకు బాగా పడిందంటే దానికి కారణం ఉంది. ఆ బుల్లెట్ వేగం సెకనుకి 1070 అడుగులు. గాలిలో శబ్దం వేగం దాదాపు 1125 అడుగులు. హై వెలాసిటీ రకాలు, ఉదాహరణకి సీసీఐ మినీమ్యాగ్ 1235 అడుగులు, బయల్దేరేటప్పుడు శబ్దం కంటే వేగంగా ఉండి, దారిలో ఎక్కడో ఆ వేగం కిందికి దిగుతాయి. దిగే చోట బుల్లెట్ కొంచెం ఊగుతుంది. మొదటి నుంచీ శబ్దం కంటే నెమ్మదిగా వెళ్లేదానికి ఆ కుదుపు లేదు, పైగా 'టప్' మన్న పెద్ద చప్పుడూ ఉండదు. ఒక్క జాగ్రత్త. మీది 10/22, అంటే దానంతట అదే కేస్‌ని విసిరి తర్వాతి రౌండ్ ఎక్కించుకునే రకం. కొన్ని 10/22లు ఇలా వేగం తక్కువ ఉన్న తూటాలతో సరిగ్గా తిరగవు, ఖాళీ కేస్ గుమ్మంలో తలుపుకి వేలు చిక్కినట్టు అడ్డంగా ఇరుక్కుంటుంది. అలా జరిగితే ముందు చాంబర్ (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) శుభ్రం చేసి చూడండి. అప్పటికీ ఇరుక్కుంటే ఆటోమ్యాచ్, మినీమ్యాగ్ లాంటి వేగం ఉన్న రకానికి మారండి.

పేలని రౌండ్ తగిలితే కంగారుపడి బోల్ట్ వెనక్కి లాగకండి. రైఫిల్ మొన టార్గెట్ వైపే ఉంచి మనసులో ముప్ఫై లెక్కపెట్టండి. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. అంతకంటే ప్రమాదం, రోజూ వినే చప్పుడు బదులు 'టుప్' అని నీరసమైన శబ్దం వస్తే. అప్పుడు బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. ఆ రోజుకి ఆపేసి రేంజ్ ఆఫీసర్ని పిలవండి. నాకు ఇది ఒక్కసారే జరిగింది. పక్క లేన్ పెద్దాయన "ఆపు" అని అరవకపోతే నేను రెండోది నొక్కేవాణ్ణే.

ఇంకా చవగ్గా సాధన కావాలంటే ఎయిర్ రైఫిల్ ఉంది. 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళ్లు 500 ఉండే డబ్బా పది పదిహేను డాలర్లకే దొరుకుతుంది. గరాజ్‌లో వెనక గట్టి అడ్డు పెట్టుకుని 10 గజాల్లో కాల్చుకోవచ్చు, కాకపోతే మీ ఊరి నిబంధనలు ముందు చూసుకోండి. దీన్ని పిల్లల ఆట అనుకోవద్దు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. బుల్లెట్ బ్యారెల్ దాటేదాకా రైఫిల్‌ని కదలకుండా పట్టుకోవడం ఎయిర్ రైఫిల్ నేర్పినంత బాగా ఇంకేదీ నేర్పదు, ఎందుకంటే ఆ గుండు నెమ్మదిగా బయటికి వస్తుంది.

.308 సంగతికి వద్దాం. రేంజ్ సాధనకి ఎఫ్ఎంజే అనే రకం కొనండి. అంటే సీసపు బుల్లెట్ చుట్టూ రాగి తొడుగు పూర్తిగా ఉన్నది. సెర్బియా నుంచి వచ్చే పీపీయూ, చెక్ రిపబ్లిక్ నుంచి వచ్చే సెల్లియర్ అండ్ బెల్లో, బ్రెజిల్ మాగ్‌టెక్, దక్షిణ కొరియా పీఎంసీ... ఈ నాలుగూ నేను వాడాను, నాలుగూ నమ్మకమైనవే. కేసులు మంచి ఇత్తడి. 100 గజాల దగ్గర రెండు అంగుళాల్లో పడితే సాధనకి చాలు.

కొన్నాళ్ల క్రితం వరకు ఇంకా చవకైనవి దొరికేవి. రష్యా నుంచి వచ్చే టులా, వుల్ఫ్, ఉక్కు కేసుల తూటాలు. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీ మీద విషప్రయోగం కారణంగా ఆంక్షలు ప్రకటించి, సెప్టెంబరు 7 నుంచి రష్యా తూటాల దిగుమతికి కొత్త పర్మిట్లు ఆపేసింది. అప్పటి నుంచి ఆ సరుకు క్రమంగా అడుగంటింది. ఎక్కడైనా పాత నిల్వ కనిపిస్తే ఆశపడేముందు మీ రేంజ్ నియమాలు చదవండి. ఇలాంటి వాటిలో బుల్లెట్ తొడుగులో కూడా తరచూ ఉక్కు ఉంటుంది, చాలా రేంజ్‌లు అయస్కాంతానికి అంటుకునే బుల్లెట్లని రానివ్వవు. గేటు దగ్గర చిన్న అయస్కాంతం పెట్టి చూస్తారు. ఉక్కు ఉన్న బుల్లెట్ వెనకున్న గోడల్ని, స్టీల్ టార్గెట్లని పాడుచేస్తుంది, ఎండిన గడ్డి మీద నిప్పురవ్వలు పుట్టిస్తుంది. ఒక మంచి అయస్కాంతం మీరు కూడా బ్యాగులో పెట్టుకోండి, కొనేముందు షాపులోనే చూసుకోవచ్చు.

గన్ షోల్లో జిప్‌లాక్ కవర్లలో చేతిరాత లేబుల్‌తో అమ్మే 'రీలోడ్' తూటాలు (వాడిన కేసుల్ని మళ్లీ నింపినవి) ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఎవరు నింపారో, పౌడర్ ఎంత పోశారో మనకి తెలియదు. మీ చెంపకి మూడు అంగుళాల దూరంలో పేలేది అది. మీ అంతట మీరు రీలోడ్ చేసుకోవడం వేరే సంగతి. మంచి విద్య అది, కానీ మొదటి ఏడాది వద్దు. ప్రెస్, త్రాసు, డైలు, ప్రైమర్లు అన్నీ కొన్నాక పెట్టిన డబ్బు తిరిగి రావడానికి వందల రౌండ్లు కాల్చాలి. అప్పటిదాకా మీ ఖాళీ .308 కేసుల్ని పారేయకుండా కాఫీ డబ్బాలో పోసి ఉంచండి. రేపు మీరు నేర్చుకుంటే మీకు, లేకపోతే ఇంకొకరికి పనికొస్తాయి. .22 కేసులు మాత్రం మళ్లీ నింపేవి కావు.

ఇప్పుడు వేట. నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే.

చిత్తూరు జిల్లా మెట్ట ప్రాంతంలో మా తాతకి నాలుగెకరాల వేరుశెనగ ఉండేది. పంట కాపుకొచ్చే రోజుల్లో మంచె మీద లాంతరు పెట్టుకుని రాత్రంతా కూర్చునేవాడు. అడవిపందులు దిగితే డబ్బా వాయించి, టపాసు పేల్చి తరిమేవాడు. చిన్నప్పుడు ఆ మంచె మీద నిద్రపోయిన రాత్రులు నాకు గుర్తు. టెక్సాస్ వచ్చాక డీర్ బ్లైండ్ (జింకలకి కనపడకుండా కూర్చునే చిన్న గది) మొదటిసారి ఎక్కినప్పుడు నాకు ఆ మంచే గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, ఇక్కడ లైసెన్సుతో, సీజన్లో, లెక్క ప్రకారం చేసే పని.

నా మొదటి సీజన్లో టెక్సాస్ మధ్యలోని కొండప్రాంతం హిల్ కంట్రీలో ఒక రాంచ్ యజమాని పందుల్ని కొట్టుకోమని అనుమతి ఇచ్చాడు. నా దగ్గర ఉన్నవి రేంజ్ ఎఫ్ఎంజే రౌండ్లే. వేట రౌండ్ల డబ్బా 30 డాలర్లు అని కొనలేదు. సందెవేళ, 80 గజాల్లో మధ్యరకం పంది, నిలబడి ఉంది. భుజం వెనక గురి పెట్టి నొక్కాను. తగిలిన చప్పుడు విన్నాను. పంది పడలేదు, పొదల్లోకి పరిగెత్తింది. టార్చి వేసుకుని రెండు గంటలు వెతికాం. నెత్తురు చుక్కలు చిన్నచిన్నగా, దూరదూరంగా ఉన్నాయి, కాసేపటికి అవీ లేవు. పొద్దున్నే మళ్లీ వెళ్తే మూడు వందల గజాల అవతల వాగు పక్కన దొరికింది. రాత్రంతా బతికే ఉందని దాని కింద నేల చూస్తే తెలిసింది. మట్టి అంతా కాళ్లతో గీకి గుంత చేసింది. బుల్లెట్ ఒక వైపు నుంచి పెన్సిల్ మందం రంధ్రంతో దూరి రెండో వైపు అంతే రంధ్రంతో బయటికి పోయింది. ఎఫ్ఎంజే చేసే పని అదే. తొడుగు మొత్తం మూసి ఉంటుంది కాబట్టి మొన విచ్చుకోదు, సూదిలా దూసుకుపోతుంది. కాగితం మీద అది మంచి గుణం. ప్రాణం ఉన్నదాని మీద అది క్రూరం. 30 డాలర్లు మిగిల్చుకోవడం కోసం నేను చేసిన తప్పు అది. దాని తర్వాత ఇప్పటిదాకా వేట తూటా దగ్గర పైసా చూడలేదు.

వేటకి కావాల్సింది సాఫ్ట్ పాయింట్. మొన దగ్గర సీసం బయటికి కనిపిస్తుంది, తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని శక్తిని లోపలే వదులుతుంది. జంతువు కొన్ని సెకన్లలో పడిపోతుంది. దీనికి ఖరీదైన రకాలు అక్కర్లేదు. రెమింగ్టన్ కోర్-లాక్ట్ 1939 నుంచి వస్తోంది. విన్‌చెస్టర్ పవర్ పాయింట్, ఫెడరల్ పవర్-షాక్, హార్నడీ అమెరికన్ వైట్‌టెయిల్ కూడా అదే తరగతి. 20 రౌండ్ల డబ్బా 28 నుంచి 35 డాలర్లు. .308లో 150 గ్రెయిన్లది తీసుకోండి, హిల్ కంట్రీ తెల్లతోక జింకకి అది ధారాళంగా సరిపోతుంది. 60, 70 డాలర్ల డబ్బాలు కూడా ఉన్నాయి, ఎక్కువ దూరాలకి, ఎల్క్ అనే భారీ జింకలకి వాటి అవసరం ఉంటుంది. 150 గజాల లోపు జింకకి ఆ డబ్బు వృథా.

లెక్క చూడండి. డబ్బా 32 డాలర్లు, రౌండుకి 1.60. చూడ్డానికి రేంజ్ రౌండుకి రెట్టింపు. కానీ సీజన్ మొత్తంలో మీరు కాల్చేది ఎన్ని? స్కోప్ సరిచూసుకోవడానికి ఐదారు, జింక మీద ఒకటి, మహా అయితే రెండు. ఒక డబ్బా రెండు సీజన్లు వస్తుంది. అందుకే అంటున్నాను, పొదుపు చేయాల్సింది రేంజ్‌లో కాల్చే వందల రౌండ్ల దగ్గర. ఒక్కటి కాల్చే చోట పొదుపు చేసి మిగిలేదేమీ లేదు.

ఒక పని తప్పకుండా చేయండి. వేట తూటా కొనేటప్పుడు ఒకేసారి రెండు డబ్బాలు, ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) కొనండి. నంబరు డబ్బా మూత మీద చిన్న అక్షరాల్లో అచ్చేసి ఉంటుంది. లాట్ మారితే పౌడర్ మారుతుంది, గుండు పడే చోటు అంగుళం అటూఇటూ అవుతుంది. ఇంకా ముఖ్యం, రేంజ్ ఎఫ్ఎంజేతో జీరో చేసిన (గురి పెట్టిన చోటే పడేలా సరిచేసిన) స్కోప్ వేట తూటాకి సరిపోతుందని అనుకోవద్దు. నా రైఫిల్లో 100 గజాల దగ్గర ఆ రెండింటికీ మధ్య రెండున్నర అంగుళాల తేడా ఉంది. వేటకి వెళ్లేముందు వేట తూటాతోనే జీరో చేసుకోండి. జింక భుజం వెనక ప్రాణస్థానం దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు, మన ఇంట్లో టిఫిన్ ప్లేటు అంత. రేంజ్‌లో బల్ల మీద కూర్చుని కాదు, మోకాలి మీద, కర్ర ఆనించుకుని, ఆ టిఫిన్ ప్లేటు అంత కాగితంలో ఐదింటికి ఐదూ ఎంత దూరంలో వేయగలరో చూసుకోండి. అదే మీ హద్దు. దానికి పది గజాలు అవతల ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడ్డా ట్రిగర్ ముట్టుకోవద్దు.

మీ .22ని జింక మీద వాడొద్దు. టెక్సాస్‌లో తెల్లతోక జింకని రిమ్‌ఫైర్ తూటాతో (మీ .22 ఆ రకమే) కొట్టడం చట్టవిరుద్ధం. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి, అది ఇప్పుడే పూర్తిచేయండి, అక్టోబరు దాకా ఆగితే క్లాసులు నిండిపోతాయి. వేరే రాష్ట్రంలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు మీ నిబంధనలు చూసుకోండి. ఉదాహరణకి కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి, అంటే మొత్తం రాగితో చేసినవి.

నేను కూడా ఇప్పుడు తినే జంతువు మీద రాగి బుల్లెటే వాడుతున్నాను, డబ్బా పది పదిహేను డాలర్లు ఎక్కువైనా. సీసపు బుల్లెట్ విచ్చుకున్నప్పుడు కంటికి కనపడని తునకలు మాంసంలోకి వెళ్తాయి. మా ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, మా మరదలు కడుపుతో ఉన్న ఏడాది ఆ కూర ఎలా పెట్టను? సాఫ్ట్ పాయింటే వాడితే గాయం చుట్టూ చేతి వెడల్పు మాంసం ఉదారంగా కోసి పారేయండి. రేంజ్ నుంచి రాగానే చల్లనీళ్లతో సబ్బు పెట్టి చేతులు, మొహం కడుక్కోండి. ఆ చొక్కాతో పిల్లల్ని ఎత్తుకోవద్దు. రేంజ్‌లో మిక్చర్ పొట్లం విప్పి తినే అలవాటు మనవాళ్లలో చూశాను, దయచేసి మానండి.

తూటాలు కలిసిపోకుండా చూసుకోవడం ప్రాణం మీదకొచ్చే విషయం. మీకు .22, .308 మాత్రమే ఉన్నాయి, రెండూ చూడగానే తేడా తెలుస్తుంది కాబట్టి ఇప్పుడు సమస్య లేదు. రేపు ఏఆర్-15 రకం రైఫిల్ కొంటే .223, 5.56, 300 బ్లాకౌట్ అనే తూటాల పేర్లు వింటారు. 5.56 అని రాసిన రైఫిల్లో .223 కాల్చొచ్చు, కేవలం .223 అని రాసిన దాంట్లో 5.56 వేయకండి. 300 బ్లాకౌట్ రౌండ్ అదే మ్యాగజైన్‌లో చక్కగా పడుతుంది, 5.56 బ్యారెల్‌లో పేలితే రైఫిల్ ముక్కలవుతుంది. బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు, డబ్బా మీద ఉన్న అక్షరాలు ఒకటేనా అని ప్రతిసారీ చదవండి. రేంజ్ బల్ల మీద ఒకసారికి ఒకే డబ్బా విప్పి ఉంచండి.

ఎప్పుడు కొనాలంటే, వేసవిలో. జూన్, జులైల్లో వేట తూటాలు అడిగేవాళ్లుండరు. అక్టోబరులో అరలు ఖాళీ, ధర పైకి. 2012 చివర్లో శాండీ హుక్ స్కూల్లో కాల్పుల ఘటన తర్వాత 2013 అంతా .22 దొరకలేదు, మనుషులు షాపు తెరవకముందే వరసలో నిలబడ్డారు. 2020లో మళ్లీ అదే జరిగింది, .22 ధర రెట్టింపు దాటింది. అందుకని గది నిండా నింపమని చెప్పను. మీరు ఆరు నెలల్లో కాల్చేంత ఇంట్లో ఉంటే చాలు, ధర పెరిగినప్పుడు కొనకుండా ఆగగలరు. రబ్బరు అంచు ఉన్న ఇనుప అమ్మో డబ్బా పదిహేను ఇరవై డాలర్లు. దాంట్లో సిలికా పొట్లం ఒకటి వేసి, ఇంటి లోపల, పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టండి. ఆగస్టులో మన గరాజ్ పొయ్యిలా కాగుతుంది, అక్కడ వద్దు.

మీ 60 డాలర్లు నేనైతే ఇలా ఖర్చుపెడతాను. నెలకు 325 రౌండ్ల .22 డబ్బా ఒకటి, 23 డాలర్లు. గ్రూపులు చూసుకోవడానికి స్టాండర్డ్ వెలాసిటీ 50 ఒక డబ్బా, 5 డాలర్లు. .308 ఎఫ్ఎంజే 20 రౌండ్లు, 17 డాలర్లు. టాక్స్‌తో కలిపి 49 దాటదు. మిగిలిన 11 డాలర్లు పక్కన పెడితే మూడు నెలలకి ఒక వేట తూటా డబ్బా వస్తుంది. శనివారం ముందు .22తో వంద, వంద యాభై నెమ్మదిగా కాల్చి, చెయ్యి కుదిరాక .308 పది మాత్రమే కాల్చండి. పదికి మించితే భుజం అలసిపోయి చెడ్డ అలవాట్లు మొదలవుతాయి. ఆ పదీ లెక్కగా, ఒక్కోదానికి ముందు పుస్తకంలో ఎక్కడ పడుతుందనుకున్నారో, తర్వాత ఎక్కడ పడిందో రాసుకోండి.

ఇంకొకటి, దీన్ని మన దేశం వెళ్లే ప్రతి ఒక్కరికీ చెప్తుంటాను. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు వేరుగా ఉంచండి, ఆ బ్యాగుని ఇంకే పనికీ వాడకండి. నాకు తెలిసినాయన ఒకరు రేంజ్ బ్యాక్‌ప్యాకులోనే పిల్లల బట్టలు సర్ది ఇండియా ప్రయాణమయ్యాడు. అదృష్టవశాత్తూ బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్లావిడ పక్క అర దులిపితే ఒక .22 రౌండ్ నేల మీద పడి దొర్లింది. శంషాబాద్‌లో స్కానర్‌కి అది దొరికి ఉంటే ఆయుధాల చట్టం కింద పోలీసు కేసు, నెలల తరబడి కోర్టు చుట్టూ తిరగడం, సెలవులన్నీ పోలీస్ స్టేషన్‌లో. మీ దగ్గర ఇప్పుడు రేంజ్‌కి ఏ బ్యాగు వాడుతున్నారో ఈ రాత్రే ఒకసారి బోర్లించి, అర అరకీ చెయ్యి పెట్టి చూడండి. ఖాళీ కేసు కనిపించినా తీసేయండి.